గోడ లేని నీళ్ళు

మొన్న మాఘంలో కోరుట్ల దగ్గరి మా అమ్మమ్మ ఊరి నుంచి రాజేశం ఫోన్ చేశాడు. మా మేనమామ కొడుకు, నాకన్నా చిన్నవాడు. "వదినె, బాయి పూడుస్తున్నం. రేపటి సంది మట్టి ట్రాక్టర్లు అస్తయి. నీకా బాయంటే పానం గదా, ఒకపారి అచ్చి చూసి పోరాదు" అన్నాడు. పూడ్చకపోతే ఏం పోయింది అని అడగబోయి ఊరుకున్నాను. బోర్లు పడ్డాక ఆ బావిలో చుక్క నీరు లేదు, తుమ్మచెట్లు మొలిచాయి, మేకపిల్లలు పడుతున్నాయి. పొద్దున్నే జగిత్యాలలో బస్సెక్కి వెళ్ళాను. నాలుగు పక్కలా రాతి గోడ కట్టిన పెద్ద వ్యవసాయ బావి అది. నేను వెళ్ళేసరికి ఒక పక్క మట్టి పడనే పడింది. ఇంకో పక్క మెట్లు మాత్రం కనిపిస్తున్నాయి. అందులో ఉండే తాబేలు ఏమైందని అడిగాను. "బాయి ఎండిన ఏడు మా నాయిన గంపల పెట్టుకపోయి ఊరి చెరువుల ఇడిసిండు. గంత పెద్ద చెర్ల ఇడిసినా, శానసేపు ఒక్కకాడనే గిర్రున తిరిగిందట వదినె. నాయిన ఎప్పుడు చెప్పినా నవ్వుతుండె" అన్నాడు రాజేశం. అతను కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పటికి నేను మస్కట్ నుంచి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. అక్కడ సముద్రంలో నేను చేసింది కూడా అదే పని.

మాది సిరిసిల్ల. సాలెవాళ్ళం. మా బాపు చేతిమగ్గం నేసేవాడు. ఊరంతా సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, టకటకమనడం మొదలయ్యాక చేతిమగ్గానికి పని లేకుండా పోయింది. సాంచాల మీద కూలికి పోవడం బాపుకు మనసొప్పలేదు. ఎవరో ఏజెంటును పట్టుకుని ఒమాన్ వెళ్ళాడు. ఊళ్ళో జనానికి గల్ఫ్ ఏ మూలకు పోయినా దుబాయే కాబట్టి, బాపు చివరిదాకా 'దుబాయి పోయినోడే'. అమ్మనూ నన్నూ అమ్మమ్మ ఇంట్లో పెట్టి పోయాడు. అట్లా నా చిన్నతనం సగం కోరుట్ల వైపు గడిచింది. ఆ ఇంటిని తలచుకుంటే ముందు వచ్చేది తడిపిన తునికాకు వాసన, దాని వెంట తంబాకు వాసన. అమ్మమ్మ, అమ్మ, వాడకట్టు ఆడవాళ్ళందరూ ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చేసేవాళ్ళు. అన్నంలో, దుప్పట్లో, మా జడల్లో అదే వాసన. తెల్లారుతూనే వాకిట్లో పేడనీళ్ళ సాన్పు, పొయ్యి మీద మొక్కజొన్న రవ్వతో మక్కగట్క, పక్కన పచ్చిపులుసు. ఆ తరువాత సాయంత్రం దాకా ఆకు కత్తిరించే చప్పుడే. మా అమ్మమ్మ మాట్లాడుతూనే బీడీ చుట్టేది. కోపం వస్తే ఇంకా వేగంగా చుట్టేది.

అమ్మమ్మకు ఒక పద్ధతి ఉండేది. ఆ కాలపు అత్తలందరికీ ఉన్నదే, కానీ ఆమె దాన్ని ఒక పట్టుగా పాటించింది. అల్లుడి ముందుకు రాదు, అల్లుడితో మాట్లాడదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే తలుపు చాటున నిలబడి మా అమ్మకు చెప్పేది. అమ్మ లేకపోతే గుంజకు చెప్పేది. "మక్కగట్క సల్లారిపోతున్నది, తినేటోళ్ళు తినొచ్చు గదా" అని గుంజతో అంటే, అర్ర బయట బాపు లేచి కాళ్ళు కడుక్కునేవాడు. నాకది మహా సరదాగా ఉండేది. గుంజ వైపు తిరిగి "గుంజా, ఇంకింత పులుసు కావాల్నా?" అని నేను వేళాకోళం చేస్తే వీపు మీద ఒకటి పడేది. ఆ పద్ధతి నా ఈతను ఎక్కడ ఆపుతుందో అప్పుడు నాకేం తెలుసు?

బాపు లీవు మీద వచ్చేది ఎండాకాలంలోనే. పెట్టె తెరిస్తే ఇల్లంతా సెంటు వాసన, సబ్బుల వాసన. కొద్దిసేపటికి తంబాకు దాన్ని కూడా మింగేసేది. ఒక ఏడు, వచ్చిన మర్నాడు పొద్దున్నే నన్ను బావికి తీసుకుపోయాడు. నా నడుముకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి, ఒంటికి తన పాత అంగీ తొడిగి, మెట్ల మీదినుంచి నీళ్ళలోకి వదిలాడు. నేను చేతులు టపటపా కొట్టాను. "కొట్టకు బిడ్డా. నీళ్ళు నీకు పగోళ్ళా? మెల్లగ పక్కకు జరుపు, అవే తోవ ఇస్తయి" అన్నాడు. కొన్నాళ్ళకు బుర్ర విప్పేశాడు. కిందికి మునిగి బురద పట్టుకురావడం, ఊపిరి బిగబట్టడం, నీళ్ళలో కళ్ళు తెరవడం ఒకటొకటిగా నేర్పాడు. ఆడపిల్లకు బావిలో ఈత నేర్పుతున్నాడని గట్టు మీద మోటరు వేసేవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. బాపు విననట్టే ఉన్నాడు.

మేం ఈదుతుంటే మా కింద తాబేలు ఈదేది. బావి తవ్వి నీళ్ళు పడ్డనాడు మా తాత తెచ్చి అందులో వదిలాడట. తాబేలుంటే నీళ్ళు చల్లగా, పురుగూ పుట్రా లేకుండా ఉంటాయని మావైపు బావుల్లో అట్లా వదిలేవాళ్ళు. అది గోడ వెంట మెల్లగా తిరుగుతూ రాయి రాయి దగ్గర ఆగి చూసేది. గోడ కట్టిన మేస్త్రి తన పని తానే సరిచూసుకుంటున్నట్టు ఉండేది. అందుకే దాని పేరు మేస్త్రి. ముక్కు గోడకు తగలగానే వెనక్కి మళ్ళేది. నేను కూడా అంతే. నాలుగు బారలు వేస్తే గోడ, కాలితో ఒక తన్ను, మళ్ళీ వెనక్కి. అదే ఈత అనుకున్నాను.

ఒమాన్‌లో మస్కట్ దాటాక సూర్ అనే ఊళ్ళో, సముద్రం ఒడ్డున, పడవలున్న ఒక అరబ్బు దగ్గర బాపుకు పని. ఆయనను 'అర్బాబు' అనేవాడు. నూలుతో బతికిన చేయి కాబట్టి వలలు బాగుచేసే పని ఇచ్చారు. వలలో అప్పుడప్పుడు పచ్చ తాబేళ్ళు చిక్కేవట. "అవి మనలెక్కనే పైకచ్చి ఊపిరి తీసుకోవాలె బిడ్డా. వలల ఇరుక్కుంటే ఊపిరాడక సస్తయి. వల కోస్తే అర్బాబు ఊకోడు. ఇగ నేనే మునిగి ముడులు ఇప్పుత. ముడులు ఇప్పే పని మనకు కొత్తనా?" అనేవాడు. విడిపించిన తరువాత వెంటనే పైకి రాకుండా, ఊపిరి ఉన్నంతసేపు దాని పక్కన ఈదేవాడట. శుక్రవారాలు పని లేనప్పుడు ఊరికే వాటికోసమే నీళ్ళలోకి దిగేవాడట. "సముద్రం అడుగున గడ్డి ఉంటది, మన గట్ల మీది గర్క లెక్క. గా గడ్డి మేసుకుంట పోతుంటయి. పక్కపొంటి ఈదితే బర్రెల ఎంబడి నడిసినట్టుంటది. మనం ముట్టద్దు, ముందటికి పోవద్దు. గప్పుడు మనను సుత మందల కలుపుకుంటయి."

"పచ్చగ ఉంటయా బాపు?"

"పైన మట్టి రంగే. లోపటి కొవ్వు పచ్చగుంటదట, గందుకే ఆ పేరు. ఒక్కొక్కటి గా తలుపు రెక్కంత ఉంటది. పైకచ్చి ఊపిరి ఇడిస్తే ఎట్లుంటదో ఎరికేనా? నిండు బిందె దించినంక మీ అమ్మ 'ఉస్సు' అంటది సూడు, అచ్చం గట్లనే."

తలుపు చాటు నుంచి అమ్మమ్మ గుంజతో అంది: "ఇన్నవా, సముద్రంల గడ్డి మొలుస్తదట. తాబేళ్ళు బర్రెల లెక్క మేస్తయట. ఇగ పాలు సుత ఇస్తయేమో అడుగు. దుబాయి పోయినోళ్ళ మాటలు గిట్లనే ఉంటయి." మేమందరం నవ్వాం. బాపు అందరికన్నా ఎక్కువ నవ్వాడు. కానీ నేను మాత్రం ఆ మాటలు ఒక్కటి కూడా పొల్లు పోకుండా నమ్మాను.

ఆ ఏడు బాపు తన నీళ్ళద్దం తెచ్చాడు. మొహానికి పెట్టుకునేది, చుట్టూ నల్ల రబ్బరు ఉన్న అద్దం. నా మొహానికి పెద్దదై నీళ్ళు కారుతున్నా అది పెట్టుకుని మేస్త్రిని మొదటిసారి దాని ఇంట్లో చూశాను. అంతవరకూ మసకగా కదిలే నీడ, కళ్ళున్న ప్రాణి అయింది. పైకి వచ్చి "బాపు, నేను సుత మస్కట్ అస్త. పెద్ద తాబేలు పక్కపొంటి ఈదుత" అన్నాను. బాపు జారుతున్న అద్దాన్ని నా మొహం మీద సరిచేశాడు. "తప్పకుంట. కని ఇంకొక్కటి నేర్పాలె నీకు. బాయిల నేర్చినోళ్ళకు గోడ అలవాటైతది. నేను మొదట్ల సముద్రంల దిగితే నాలుగు బారలేసి మల్లుతుంటి. పడవోళ్ళు పొట్టలు పట్టుకొని నవ్విండ్రు. గోడ మర్సిపోనీకి నాకు ఒక ఎండకాలం పట్టింది. అచ్చే లీవు వానలప్పుడు పెట్టుకుంట. మన సిరిసిల్ల కాడ మానేరు వాగు నిండుగ పారంగ దించి నీకు గోడ మరిపిస్త" అన్నాడు. ఆ మాట మీద ఒక పూర్తి సంవత్సరం బతికాను నేను. నీళ్ళు మోస్తూ, బీడీలకు దారం చుడుతూ, బళ్ళో ఎక్కాలు చెబుతూ కూడా మనసులో మానేరులోనే ఉన్నాను.

అన్నట్టే బాపు వానాకాలంలో వచ్చాడు. ఈసారి పెట్టెలో నా మొహానికి సరిపోయే చిన్న నీళ్ళద్దం ఉంది. కానీ ఆ మధ్యలో నేను పెద్దమనిషినయ్యాను. నన్ను మూల కూర్చోబెట్టారు, కొత్త లంగాఓణీ కట్టించారు, ఒడిబియ్యం పోశారు. ఆ సంగతి బాపుకు తెలుసు. అయినా మర్నాడు పొద్దున్నే అద్దం చేతపట్టుకుని వాకిట్లో నిలబడి, "నడు బిడ్డా, సిరిసిల్లకు బస్సున్నది. మానేరు మంచిగ పారుతున్నదట" అన్నాడు. నేను చెప్పులు వేసుకున్నాను. తలుపు చాటున బీడీ చుట్టే చేతులు ఆగాయి. అమ్మ ఇంట్లోనే ఉన్నా, అమ్మమ్మ ఆనాడు అమ్మతో కూడా చెప్పలేదు. గుంజతోనే చెప్పింది. "రేపోమాపో పెండ్లి చెయ్యాల్సిన పిల్ల. తడిబట్టలతోని ఏట్ల దింపుతరట. నలుగురు సూసి ఏమంటరు? వాళ్ళు దుబాయిల ఉంటరు, ఊళ్ళె ఉండేది మేము గదా."

బాపు నోరు తెరిచాడు. కానీ ఎవరికి జవాబు చెప్పాలి? ఆమె తనతో మాట్లాడలేదు కదా. తనతో అనని మాటకు అల్లుడు జవాబు చెప్పడం ఆ ఇంట్లో లేదు. పైగా పెండ్లాం బిడ్డలను ఆమె ఇంట్లో వదిలి పోయినవాడు. ఒకసారి గుంజను చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. ఆ రోజు అమ్మమ్మ మా బాపును ఎదురుగా తిట్టి ఉంటే ఆయన ఎదురు చెప్పేవాడని, ఏదో ఒకటి ఒప్పించేవాడని ఇప్పటికీ అనుకుంటాను. మర్యాద మధ్యలో నిలబడింది. అమ్మమ్మ మీద నాకు కోపం పోయి చాలా కాలమైంది. ఆ మర్యాద మీద మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బాపు అరుగు మీద కూర్చుని, చిన్న అద్దాన్ని అంగీ అంచుతో తుడిచి తుడిచి పక్కన పెట్టాడు. "అచ్చే లీవుల సూద్దాం తీ బిడ్డా" అన్నాడు. "సరే బాపు" అన్నాను.

ఆ తరువాతి లీవుకు బాపు చెవిలో దూదితో వచ్చాడు. ఎక్కువ లోతుకు మునిగి చెవి పాడైంది. డాక్టరు నీళ్ళలో దిగొద్దన్నాడు. అర్బాబు పంపించేశాడు. ఏ సాంచాలైతే వద్దనుకుని పోయాడో వాటి మీదనే కూలికి కుదిరాడు. "ఒక చెవి పోయినోనికి సాంచాల సద్దు సగమే ఇనబడ్తది" అని నవ్వేవాడు. నాకు జగిత్యాల సంబంధం వచ్చింది. పెండ్లి, నా టీచరు ఉద్యోగం, పిల్లలు, వంటింటి పొద్దులు, ట్రాన్స్‌ఫర్లు. నీళ్ళతో నా సంబంధం బిందెకు, బకెట్టుకు వచ్చి ఆగింది. ఎన్నడైనా కొండగట్టుకు పోయి వస్తూ దారిలో నిండిన చెరువు కనిపిస్తే బస్సు కిటికీలోంచి మెడ తిప్పి చూసేదాన్ని, అంతే.

బాపు చివరి ఏళ్ళలో మానేరుకు అడ్డంగా కట్టిన కట్ట వల్ల సిరిసిల్ల పక్కనే నీళ్ళు సముద్రంలాగా నిలిచాయి. ఒక సాయంత్రం ఆటోలో ఆ ఒడ్డుకు తీసుకుపోయాను. బాపు అంచు దాకా నడిచి, వంగి నీళ్ళలో చేయి పెట్టాడు. ఆ తరువాత, వినిపించే చెవి నా వైపు తిప్పుకుని, "నీకు సగం ఈతే నేర్పిన బిడ్డా" అన్నాడు. నేను ఇట్లాంటప్పుడు అందరూ అనే మాటే అన్నాను, "పోనీ తియ్ బాపు, ఇప్పుడదంత ఎందుకు" అని. ఆయన తల ఊపాడు. ఆ చలికాలమే పోయాడు. ఆ ఒడ్డున ఆయనను ఇంకాస్త మాట్లాడనిచ్చి ఉండాల్సింది. ఏం చెప్పేవాడో, గోడ మర్చిపోయిన ఆ ఎండాకాలం ఎట్లా గడిచిందో.

నా బిడ్డ లావణ్య ఇప్పుడు మస్కట్‌లో నర్సు. రిటైరయ్యాక మొదటిసారి దాని దగ్గరికి పోయాను. సామాను సర్దుకుంటూ ఇనుప పెట్టె అడుగున వెతికితే చిన్న నీళ్ళద్దం దొరికింది. అద్దం చెక్కుచెదరలేదు. రబ్బరు మాత్రం కరిగి తారులాగా వేళ్ళకు అంటుకుంది. ఎంత రుద్దినా ఆ నలుపు రెండు రోజులు పోలేదు. లావణ్యకు తాతయ్య కథలన్నీ తెలుసు. నేను అడగకముందే పడవ మాట్లాడి పెట్టింది. తిరుగు ప్రయాణానికి ముందురోజు దానికి సెలవు దొరికింది. తీరానికి దూరంగా మనుషులు లేని దీవులు, వాటి చుట్టూ ఆకుపచ్చని నీళ్ళు. పడవతను హిందీలో అందరికీ చెప్పాడు, ముట్టుకోవద్దు, ముందుకు అడ్డం పోవద్దు, పైకి ఊపిరికి వచ్చేటప్పుడు దారి వదలాలి అని. మా బాపు నాకు అమ్మమ్మ ఇంటి అరుగు మీద చెప్పిన మాటలే. నీళ్ళద్దాలు పంచి, నాకు లైఫ్ జాకెట్ తొడిగాడు. ఆనపకాయ బుర్ర గుర్తొచ్చి నవ్వాను. కొంతసేపు తేలాక అది విప్పి లావణ్యకు ఇచ్చేశాను. "అమ్మా, నీకు పిచ్చా?" అని అరిచింది. నా చేతులకు మాత్రం అన్నీ గుర్తున్నాయి. నీళ్ళను కొట్టలేదు, పక్కకు జరిపాను. అవి దారి ఇచ్చాయి.

మొదట వినిపించింది ఊపిరి. నిండు బిందె దించిన అమ్మ. చుట్టూ చూసేసరికి తాబేలు తల నీళ్ళలోకి వెళ్ళిపోయింది. నేను మునిగాను. కింద రాళ్ళ మీది నాచును మేస్తూ అది ఉంది. మట్టి రంగు డొప్ప, దాని మీద ఎండ గీతలు గీతలుగా కదులుతోంది. తలుపు రెక్కంత ఉంటుందని బాపు అన్నది కొంచెం ఎక్కువే. అమ్మమ్మ ఉంటే గుంజతో చెప్పి నవ్వేది. దాని కన్ను ఒకసారి నా మీదికి తిరిగింది. భయపడలేదు, పట్టించుకోనూ లేదు. మేత చాలించి ముందరి రెండు రెక్కలు చాచి మెల్లగా బయలుదేరింది. నేను పక్కపొంటి బయలుదేరాను. అంత పెద్ద ప్రాణి నా చేతికి అందేంత దగ్గరలో, నాతో సమానంగా. నా చిన్నతనమంతా ఎదురుచూసినది నిజమవుతోంది. నీళ్ళద్దం లోపల కళ్ళు మసకబారాయి. ఒక బార, ఇంకో బార, మూడోది, నాలుగోది. నా కుడి చేయి దానంతట అది గోడ కోసం చాచింది. నడుము వెనక్కి మళ్ళింది. కాలు ఉత్త నీళ్ళను తన్నింది. తిరిగి చూసేసరికి నేను వచ్చిన దారివైపే ఈదుతున్నాను. గబగబా మళ్ళాను. అది తిన్నగా పోతూనే ఉంది, నీలంలో చిన్నదై, నీడై, తరువాత ఏమీ లేదు. మళ్ళీ కనిపిస్తుందని ఊపిరి అయిపోయేదాకా వెతికాను. వెతుకుతూ కూడా నేను చుట్టే తిరుగుతున్నానని పైకి వచ్చాక లావణ్య చెబితే తెలిసింది.

పడవలో తువ్వాలు కప్పుకుని కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. "గంత మంచిగ పక్కపక్కకే పోతుంటిరి గదమ్మా, ఎందుకు మల్లినవ్?" అని అడిగింది లావణ్య. "గోడ అచ్చిందనుకున్న" అన్నాను. దానికి అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి అది బావిలో నేర్చుకోలేదు, టైల్స్ వేసిన కొలనులో పైసలు కట్టి నేర్చుకుంది. బాపుకు గోడ మర్చిపోవడానికి ఒక ఎండాకాలం దొరికింది. నాకు దొరికింది ఒక్క పొద్దు. మర్నాడు నా విమానం.

లావణ్య నా తడి జుట్టు తుడుస్తూ, "ఏడ్వకమ్మా. నువ్వు అచ్చేసారి అచ్చినప్పుడు మళ్ళ పోదాం తియ్" అంది.

"సరే బిడ్డా" అన్నాను. బాపుతో కూడా అట్లాగే అన్నాను.